గడిలో టిక్కు, గుమ్మంలో మనిషి: స్కాట్లాండ్ మద్యం, మాదకద్రవ్యాల సర్వేను చదవడం ఎలా?

నాలోక్సోన్ అనే మందు ఉంది. హెరాయిన్ వంటి నల్లమందు జాతి మత్తు మోతాదు మించి ఊపిరి ఆగిపోతున్న మనిషికి సమయానికి ఇస్తే, కొద్ది నిమిషాల్లో శ్వాస మళ్లీ అందుకుంటుంది. ముక్కులో కొట్టే స్ప్రేగా, ఇంజెక్షన్‌గా కూడా దొరుకుతుంది. మత్తుకు అలవాటుపడిన వారికీ, వారి ఇంటివారికీ దీన్ని ముందే ఇచ్చి ఉంచే జాతీయ కార్యక్రమాన్ని స్కాట్లాండ్ 2011లోనే మొదలుపెట్టింది.

ఇప్పుడు ఒక ప్రశ్న. మీ ప్రాంతంలో నాలోక్సోన్ ఎక్కడెక్కడ ఇస్తున్నారు? దాని కింద వరుసగా గడులు: మందుల షాపులు, ఆసుపత్రి అత్యవసర విభాగం, జైలు, నిరాశ్రయుల వసతి గృహాలు, వీధుల్లో తిరిగే సంచార బృందాలు. ఉన్నచోట టిక్కు పెట్టాలి. స్కాట్లాండ్ ప్రభుత్వం తన స్థానిక మద్యం, మాదకద్రవ్యాల భాగస్వామ్యాల (ఆరోగ్య, పోలీసు, స్థానిక పాలన సంస్థలు కలిసి కూర్చునే కమిటీలు) నుంచి ఏటా జవాబులు రాబట్టే సర్వేలో ఇలాంటి ప్రశ్నలే ఎక్కువ. గ్లాస్గో నగరంలో ఆరు లక్షల పైచిలుకు జనం. ఆర్క్‌నీ దీవుల్లో దాదాపు 22 వేల మంది. రెండు చోట్లా ‘మందుల షాపులు’ అన్న గడిలో టిక్కు పడిందనుకోండి, నివేదికలో రెండింటిదీ ఒకటే లెక్క. గ్లాస్గోలో ఎన్ని షాపుల్లో దొరుకుతుందో, దీవిలో ఉన్న షాపు ఆదివారం తెరుస్తారో లేదో ఆ టిక్కుకు తెలియదు.

అలాగని సర్వే పనికిరానిదని నేను అనను. దాన్ని సేవల నాణ్యతకు కొలతగా చదివితేనే చిక్కంతా. అది నిజంగా దేన్ని కొలుస్తుందో తేల్చుకోవాలంటే, ముందు జవాబు రాస్తున్నది ఎవరు, వారి చేతిలో ఏముంది అన్నది చూడాలి.

ఒక మనిషి, అరడజను కార్యాలయాలు

నలభై ఐదేళ్ల మనిషి ఒకడున్నాడనుకుందాం. వయసు ఊరికే చెప్పలేదు. స్కాట్లాండ్‌లో మాదకద్రవ్యాల వల్ల చనిపోతున్నవారి సగటు వయసు 2000లో 32 ఏళ్లు ఉండేది, 2022 నాటికి 45కు చేరింది. ఈ మనిషి మూడు వారాల క్రితం జైలు నుంచి బయటికి వచ్చాడు. ఇల్లు లేదు, కౌన్సిల్ (స్థానిక పాలన సంస్థ) చూపించిన తాత్కాలిక వసతిలో ఉంటున్నాడు. ఒక రాత్రి మోతాదు మించి పడిపోతాడు. అంబులెన్సు వస్తుంది, బతుకుతాడు. ఆసుపత్రిలో ఉండనని పట్టుబట్టి తెల్లవారకముందే వెళ్లిపోతాడు.

ఇక్కడి నుంచి అతని బతుకు సమాచారం మీద ఆధారపడి ఉంటుంది. ఒకసారి చావు అంచుదాకా వెళ్లివచ్చినవాడికి మళ్లీ ఆ ప్రమాదం ఎక్కువ. కాబట్టి ఒకటి రెండు రోజుల్లో ఎవరో ఒకరు వెళ్లి తలుపు తట్టాలి. పడిపోయిన సంగతి అంబులెన్సు సంస్థకు తెలుసు. ఎక్కడ ఉంటున్నాడో కౌన్సిల్ గృహవసతి విభాగానికి తెలుసు. హెరాయిన్‌కు బదులుగా ఇచ్చే మెథడోన్ మందు జైల్లో ఎంత తీసుకునేవాడో జైలు వైద్య విభాగానికి తెలుసు. చికిత్స మళ్లీ మొదలుపెట్టగలిగేది ఆరోగ్య బోర్డు నడిపే క్లినిక్. అతను నమ్మి మాట్లాడే ఒకే ఒక్క మనిషి బహుశా ఏదో స్వచ్ఛంద సంస్థలో పనిచేస్తూ ఉంటాడు. వీళ్లందరి యజమానులు వేరు, కంప్యూటర్లు వేరు, గోప్యత నియమాలు వేరు. ఎవరి పని వాళ్లు నూటికి నూరుపాళ్లు చేసినా ఆ తలుపు తట్టేవాళ్లు లేకపోవచ్చు.

ఈ సందుల్లో మనిషి జారిపోకుండా చూడటానికే స్థానిక భాగస్వామ్యం. ఆరోగ్య బోర్డు, కౌన్సిల్, పోలీసులు, జైళ్ల శాఖ, స్వచ్ఛంద సంస్థలు, ఈ బాధ స్వయంగా అనుభవించినవారు, వారి కుటుంబాలు ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు. ఇటువంటి కమిటీలు బ్రిటన్‌లో 1990ల నుంచే వేర్వేరు పేర్లతో ఉన్నాయి. స్కాట్లాండ్‌లో ఇప్పుడున్న రూపం 2009లో వచ్చింది. స్కాట్లాండ్ ప్రభుత్వం, కౌన్సిళ్ల సమాఖ్య కలిసి కొత్త చట్రం ప్రకటించి, అంతకు ముందున్న కార్యాచరణ బృందాల స్థానంలో వీటిని నిలబెట్టాయి. దేశంలో 32 కౌన్సిళ్లు, 14 ప్రాంతీయ ఆరోగ్య బోర్డులు ఉన్నాయి. భాగస్వామ్యాలు 30 దరిదాపుల్లో ఉంటాయి. చాలాచోట్ల కౌన్సిల్‌కు ఒకటి చొప్పున, క్లాక్‌మనన్‌షైర్, స్టర్లింగ్ వంటి చోట్ల రెండింటికీ కలిపి ఒకటి.

బాధ్యత ఉంది, సంతకం లేదు

చాలామంది పొరబడేది ఇక్కడే. భాగస్వామ్యం అంటే ఒక సంస్థ అనుకుంటారు. చట్టం దృష్టిలో దానికి ఉనికి లేదు. సొంతంగా ఉద్యోగిని నియమించుకోలేదు, కాంట్రాక్టు మీద సంతకం చేయలేదు. సమన్వయకర్త, ఇద్దరు ముగ్గురు సిబ్బంది ఉన్నా, వాళ్ల జీతాలు కౌన్సిల్ పేరునో ఆరోగ్య బోర్డు పేరునో వస్తాయి.

డబ్బు దారి చూస్తే సంగతి ఇంకా తేటపడుతుంది. ఎడిన్‌బరోలోని ప్రభుత్వం నుంచి నిధులు ఆరోగ్య బోర్డుకు వెళతాయి. అక్కడి నుంచి ఉమ్మడి బోర్డుకు. ఇవి 2014 నాటి చట్టం కింద ఆరోగ్య సేవలనూ సామాజిక సంరక్షణనూ కలిపి నడపడానికి ఏర్పడ్డ బోర్డులు. ఆ తరువాతే భాగస్వామ్యం ముందుకు, ‘దీన్ని ఎలా ఖర్చు పెడదాం’ అన్న ప్రశ్న రూపంలో వస్తుంది. తుది నిర్ణయం ఉమ్మడి బోర్డుది. మద్యం, మాదకద్రవ్యాల పేరుతో విడిగా వచ్చే నిధి మీదైతే భాగస్వామ్యం మాట కొంత చెల్లుతుంది. గృహవసతి, మానసిక వైద్యం, పోలీసుల బడ్జెట్ల దగ్గర దానికి సలహా చెప్పే చనువు తప్ప మరేమీ లేదు. ఆ మనిషికి కావలసినవాటిలో సగం ఆ బడ్జెట్లలోనే ఉన్నాయి.

2019లో ప్రభుత్వం, కౌన్సిళ్ల సమాఖ్య ఒక ఒప్పంద చట్రం రాసుకున్నాయి. ప్రతి భాగస్వామ్యానికీ ఉమ్మడి వ్యూహ పత్రం, పారదర్శకమైన ఆర్థిక ఏర్పాట్లు, పని మెరుగుపరచుకునే పద్ధతి, జవాబుదారీ ఉండాలని అందులో ఉంది. మంచిదే. కానీ ఉండకపోతే ఏమవుతుంది అన్నదానికి గట్టి జవాబు లేదు. తమ మాట వినని పోలీసు అధికారినో, సమావేశానికి రాని గృహవసతి అధికారినో రప్పించే దారి భాగస్వామ్య అధ్యక్షుడికి లేదు. ఫోను చేసి బతిమాలుకోవాలి.

దేశ ఆడిట్ సంస్థ ఆడిట్ స్కాట్లాండ్ 2009లో ఈ రంగం మీద నివేదిక ఇచ్చింది. 2022లో మళ్లీ, 2024లో మళ్లీ. ఎవరు దేనికి జవాబుదారీ అన్న మాట అన్నింటిలోనూ తిరిగి తిరిగి వస్తుంది. పదిహేనేళ్లపాటు అదే వ్యాఖ్య రాస్తూ పోయిన ఆడిటర్ల ఓపికను మెచ్చుకోవాలి.

సర్వే ఎందుకు అవసరమైంది?

2020లో స్కాట్లాండ్‌లో మాదకద్రవ్యాల వల్ల 1,339 మంది చనిపోయారు. లెక్కలు మొదలైనప్పటి నుంచి అదే అత్యధికం. అంతకు ముందు సంవత్సరాల గణాంకాలతోనే ఐరోపాలో అత్యధిక మరణాల రేటున్న దేశమన్న పేరు వచ్చేసింది. 2021 జనవరిలో అప్పటి ప్రథమ మంత్రి నికోలా స్టర్జన్ ‘జాతీయ మిషన్’ ప్రకటించారు. అయిదేళ్లపాటు ఏటా అదనంగా 5 కోట్ల పౌండ్లు, మొత్తం 25 కోట్లు. అందులో గణనీయమైన భాగం స్థానిక భాగస్వామ్యాల ద్వారానే ఖర్చు కావాలి.

డబ్బు ఇచ్చినవాడు లెక్క అడుగుతాడు. అదీగాక ముప్పై చోట్ల ముప్పై రకాలుగా నడుస్తున్నప్పుడు, దేశం మొత్తం మీద ఏముందో ఒక్కచోట చూసే మార్గం కావాలి. ఏటా వచ్చే ఈ సర్వే పని అదే. ఏప్రిల్ నుంచి మార్చి వరకు గడిచిన ఆర్థిక సంవత్సరం గురించి అడుగుతుంది. ప్రశ్నలు మిషన్ లక్ష్యాల వరుసలోనే ఉంటాయి: కొత్తవారు ఈ ఊబిలోకి దిగకుండా చూడటం, వాడుతున్నవారికి హాని తగ్గించడం, అత్యధిక ప్రమాదంలో ఉన్నవారిని చికిత్సకు చేర్చడం, చికిత్స నాణ్యత, కోలుకుంటున్నవారి జీవనం, పిల్లలు, కుటుంబాలు. వీటికి తోడు సిబ్బంది ఎంతమంది, ఖాళీలు ఎన్ని, ఈ బాధ స్వయంగా అనుభవం ఉన్నవారిని నిర్ణయాల్లో ఎలా కలుపుకుంటున్నారు, చిన్నచూపు తగ్గించడానికి ఏం చేశారు వంటివి. ఎక్కువగా టిక్కు గడులు, కొన్నిచోట్ల రాతలో వివరణ. జవాబులు కూడి, ‘ఇంత శాతం భాగస్వామ్యాల్లో ఇది ఉంది’ అన్న రూపంలో అధికారిక గణాంకంగా ప్రచురిస్తారు.

జవాబు రాసే బల్ల దగ్గర

ఈ ఫారం నింపేది సాధారణంగా సమన్వయకర్త. అతని పక్కన నిలబడి చూస్తే అంకెలకు వెనుక ఉన్నది అర్థమవుతుంది.

‘అనుభవం ఉన్నవారి అభిప్రాయాలను సేవల రూపకల్పనలో వాడుతున్నారా?’ అన్న ప్రశ్న వచ్చిందనుకోండి. ఆ ఏడాది మార్చిలో ఒక సమావేశం జరిగింది, ఏడుగురు వచ్చారు, తేనీరు ఇచ్చారు, వాళ్లు చెప్పినవి రాసుకున్నారు. ఆ రాసుకున్నవి ఎవరూ ఇంకా చదవలేదు. ఇది ‘ఔను’ కిందకు వస్తుందా? అబద్ధం ఆడాలన్న ఉద్దేశం అతనికి లేదు. సమావేశం జరిగిన మాట నిజమే కదా, అనుకుంటాడు. పక్క కౌన్సిల్‌లో ఇద్దరు కోలుకున్న వ్యక్తులకు జీతమిచ్చి, కాంట్రాక్టులు ఎంపిక చేసే కమిటీలో ఓటు ఇచ్చారు. వాళ్లూ అదే గడిలో టిక్కు పెడతారు.

‘అందుబాటులో ఉంది’ అన్న మాటకూ అదే గతి. వారానికి ఒక పూట ఒక నర్సు వచ్చే క్లినిక్ ఉన్నా అందుబాటే, రోజూ తలుపులు తెరిచి ఉన్నా అందుబాటే. నేతిబీరకాయలో నెయ్యి ఎంతుందో ఈ మాటలో సేవ కూడా ఒక్కోసారి అంతే ఉంటుంది. అడిగేది నిధులిచ్చే చెయ్యే కాబట్టి, సందేహం వచ్చినచోట కలం ‘ఔను’ వైపే కాస్త వాలుతుంది. మనిషి స్వభావం అది.

మరొకటి: సమన్వయకర్తకు అన్నీ తెలియవు. జైల్లో ఏం జరుగుతోందో, పోలీసు స్టేషన్‌లో అరెస్టయినవారికి సహాయం అందుతోందో లేదో అతను అడిగి తెలుసుకోవాలి. అడిగితే అవతలివాళ్లు గడువులోగా చెప్పాలి. కాబట్టి ఖాళీగా ఉన్న గడికి రెండు అర్థాలు. సేవ లేదన్నది ఒకటి. ఆ సేవ గురించి భాగస్వామ్యానికి తెలియదన్నది రెండోది. నా దృష్టిలో రెండో అర్థమే సర్వే ఇచ్చే అతి విలువైన సమాచారం. దురదృష్టం ఏమిటంటే శాతాల పట్టికలో రెండూ ఒకేలా కనిపిస్తాయి.

శాతాల మాట వచ్చింది కాబట్టి చిన్న లెక్క. మొత్తం 30 అయితే ఒక్కొక్క భాగస్వామ్యం విలువ మూడు శాతానికి పైమాటే. నిరుడు 80 శాతం, ఈ ఏడు 87 శాతం అని చదివితే గొప్ప పెరుగుదలలా అనిపిస్తుంది. జరిగింది రెండు చోట్ల జవాబు మారడం. కొత్త సేవ మొదలై ఉండవచ్చు. కొత్త సమన్వయకర్త వచ్చి ప్రశ్నను మరోలా అర్థం చేసుకుని ఉండవచ్చు. ప్రశ్నలోని పదాలే మారి ఉండవచ్చు. పైగా శాతం భాగస్వామ్యాలది, జనానిది కాదు. చిన్న దీవుల మూడు ప్రాంతాలు ‘లేదు’ అంటే 10 శాతం పడిపోతుంది, గ్లాస్గో ఒక్కటి ‘లేదు’ అంటే మూడు శాతమే పడుతుంది. ఎవరికి ఎక్కువ నష్టమో చెప్పనక్కరలేదు.

పక్కన పెట్టి చూడవలసిన కొలతలు

ఇవన్నీ చదివాక సర్వేను చెత్తబుట్టలో వేయాలనిపిస్తే తొందరపడుతున్నట్టే. ఈ రంగంలో మిగిలిన కొలతలకూ వేటి గుడ్డితనం వాటికి ఉంది.

చికిత్సకు నిరీక్షణ కాలం తీసుకోండి. ఫలానా మనిషికి చికిత్స కావాలన్న సిఫారసు సేవాకేంద్రానికి అందిన మూడు వారాల్లోగా 90 శాతం మందికి చికిత్స మొదలవ్వాలన్నది దేశ ప్రమాణం. గట్టి అంకె, ఏ ఒక్కరి అభిప్రాయం మీదా ఆధారపడదు. కానీ గడియారం సిఫారసుతోనే మొదలవుతుంది. తెల్లవారకముందే ఆసుపత్రి నుంచి వెళ్లిపోయిన మన మనిషికి సిఫారసే లేదు. అతను ఎదురుచూస్తున్నవారి లెక్కలోకి రాడు.

2021 మేలో మందుల సహాయంతో చేసే చికిత్సకు పది ప్రమాణాలు ప్రకటించారు. మెథడోన్, బ్యూప్రెనార్ఫిన్ వంటి మందులతో నడిచే చికిత్స ఇది. మొదటి ప్రమాణం: వచ్చిన రోజే చికిత్స మొదలుపెట్టే అవకాశం ఉండాలి. మూడోది: అత్యధిక ప్రమాదంలో ఉన్నవారిని తామే వెతుక్కుంటూ వెళ్లాలి. వీటి అమలును పబ్లిక్ హెల్త్ స్కాట్లాండ్ కొలిచే తీరు సర్వేకంటే కఠినం. మూడు రకాల ఆధారాలు అడుగుతుంది: పద్ధతి కాగితం మీద ఉందా, అంకెలు దాన్ని బలపరుస్తున్నాయా, సేవ పొందినవారు ఏమంటున్నారు. మూడూ చూసి ప్రతి ప్రాంతానికీ ఎరుపు, కాషాయం, ఆకుపచ్చ రంగులిస్తుంది. కాగితం మీద ఉన్నంత మాత్రాన ఆకుపచ్చ రాదు. అయితే ఈ కొలత ప్రధానంగా నల్లమందు జాతి మత్తు చుట్టూ తిరిగేది. కొకైన్ వాడేవాడి గురించి తక్కువ చెబుతుంది, తాగుడు గురించి దాదాపు ఏమీ చెప్పదు.

ఇక మరణాలు. 2022లో 1,051కి తగ్గాయి, 2023లో 1,172కి పెరిగాయి, 2024లో 1,017. ఈ ఎగుడుదిగుళ్లలో స్థానిక భాగస్వామ్యం పనితనం ఎంత, వీధిలోకి వచ్చిన సరుకు మారడం ఎంత? నైటజీన్ల వంటి అతి తీవ్రమైన కృత్రిమ మత్తుపదార్థాలు వచ్చాక విడదీసి చెప్పడం ఇంకా కష్టమైంది. 2023లో అత్యంత పేద ప్రాంతాల్లో ఈ చావులు అత్యంత సంపన్న ప్రాంతాలకంటే 15 రెట్లకు పైగా ఉన్నాయి. ఆ తేడాను ఏ భాగస్వామ్యమూ తన బల్ల దగ్గర కూర్చుని తీర్చలేదు.

వీటి మధ్య సర్వే చోటు ఎక్కడ? యంత్రంలో ఏ భాగాలు బిగించి ఉన్నాయో చెప్పే జాబితాగా అది బాగానే పనిచేస్తుంది. యంత్రం తిరుగుతోందా లేదా అన్నది దాన్ని అడగకూడదు. జాబితాగా చదివేటప్పుడు ‘ఔను’లకంటే ‘లేదు’లు ఎక్కువ నమ్మదగినవి. లేనిదాన్ని ఉందనడానికి ఎంతో కొంత మొగ్గు ఉంటుంది, ఉన్నదాన్ని లేదనడానికి ఎవరికీ అవసరం లేదు. కాబట్టి ఫలానా సేవ పది ప్రాంతాల్లో లేదని నివేదిక చెబితే ఆ పదీ నిజంగానే ఖాళీ అని, లేదా అక్కడివారికే దాని జాడ తెలియదని నిబ్బరంగా అనుకోవచ్చు. నివేదిక చేతికొస్తే నేను ముందు చూసేది ఈ ఖాళీలనే.

తాగుడు ఏమైంది?

పేరులో మద్యం ముందుంటుంది. 2023లో మాదకద్రవ్యాల వల్ల 1,172 మంది పోతే, మద్యమే నేరుగా కారణమైన మరణాలు 1,277. 2024లోనూ మద్యానిదే ఎక్కువ లెక్క: 1,185. కానీ జాతీయ మిషన్ పెట్టింది మాదకద్రవ్యాల మీద. అదనపు నిధులు, ప్రమాణాలు, ప్రత్యేక మంత్రి పదవి అన్నీ అటే వెళ్లాయి. మద్యం వైపు ప్రభుత్వం చేసిన పెద్ద పని ధర మీద. 2018 మే 1 నుంచి మద్యం ఒక యూనిట్‌కు (10 మిల్లీలీటర్ల స్వచ్ఛమైన ఆల్కహాల్) 50 పెన్స్ కనీస ధర పెట్టి, 2024 సెప్టెంబరు 30 నుంచి దాన్ని 65 పెన్స్ చేసింది. ధర తాగడాన్ని తగ్గిస్తుందేమో గాని, కాలేయం పాడైనవాడికి పడక చూపించదు. మాదకద్రవ్యాల మీద దృష్టి పెట్టడంలో మద్యం వెనకబడిందని ఆడిట్ స్కాట్లాండ్ 2024 నివేదిక కూడా అంది.

సర్వేకు ఇందులో పాత్ర ఉంది. ప్రశ్నలు మిషన్ లక్ష్యాల వెంట నడుస్తాయి కాబట్టి, ఏది అడిగారో అదే కనిపిస్తుంది. ప్రతి గడీ ఒక సూచనే: ‘ఇది ముఖ్యం’ అని. నాలోక్సోన్ ఎక్కడ ఇస్తున్నారో డజనుకు పైగా చోట్ల పేర్లతో అడిగిన ఫారం, తాగుడు మానేటప్పుడు వచ్చే ప్రాణాంతకమైన వణుకునూ మూర్ఛనూ ఇంటి దగ్గర చూసుకునే ఏర్పాటు గురించి అంత వివరంగా అడగకపోతే, సమన్వయకర్త వచ్చే ఏడాది డబ్బు ఎటు మళ్లిస్తాడు? ఫారం చూసే కదా.

ఇంకో విధంగా అడిగితే

ఈ సర్వేలో మార్చవలసినది ప్రశ్నలకంటే ముందు, జవాబు చెప్పేవారిని. భాగస్వామ్యం అంటేనే పలువురు కదా, ఒక్కరి చేత జవాబు రాయించడం ఏమిటి? ఇప్పుడు ఉమ్మడిగా ఒకే ఫారం వెళుతుంది, పై అధికారుల ఆమోదంతో తిరిగి వస్తుంది. దారిలో భిన్నాభిప్రాయాలన్నీ ఇస్త్రీ అయిపోతాయి.

పది ప్రశ్నలు చాలు. వాటిని విడివిడిగా అయిదుగురికి పంపాలి: సమన్వయకర్త, స్థానిక పోలీసు అధికారి, కౌన్సిల్ గృహవసతి విభాగం, ఒక స్వచ్ఛంద సంస్థ, సేవలు పొందుతున్నవారి బృందం. ‘మోతాదు మించి పడిపోయి బతికినవారి దగ్గరకు ఎన్ని గంటల్లో మనిషిని పంపుతారు?’ సమన్వయకర్త 48 గంటలు అంటాడు, ఎందుకంటే పద్ధతి పత్రంలో అలా ఉంది. పోలీసు అధికారి అలాంటి ఏర్పాటు ఉన్నట్టు తెలియదంటాడు. గృహవసతి విభాగం తమకు ఆ సమాచారం ఎప్పుడూ రాలేదంటుంది. స్వచ్ఛంద సంస్థ సోమవారం నుంచి శుక్రవారం దాకా అయితే ఫర్వాలేదంటుంది. సేవలు పొందేవారు నవ్వుతారు.

ఈ అయిదు జవాబులు కూడితే శాతం రాదు, పట్టికలో పెట్టడానికి వీలుకాదు, మంత్రి ప్రసంగంలో చదవడానికి అసలే పనికిరాదు. అందుకే కాబోలు ఎవరూ అలా అడగడం లేదు. శుక్రవారం రాత్రి పడిపోయిన మనిషి దగ్గరకు మాత్రం సోమవారం దాకా ఎవరూ వెళ్లరని ఆ అయిదు కాగితాలు పక్కపక్కన పెడితే తెలిసిపోతుంది.